కంతు తప్పింది సరే, గడపెందుకు దాటుతున్నారు?

అప్పుల వసూళ్ల మీద ఈ నెల వచ్చినన్ని ఉత్తరాలు ఈ శీర్షికకు ఎప్పుడూ రాలేదు. సగం వాట్సాప్‌లో వచ్చాయి, అవీ రాత్రి పదకొండు దాటాక. నిద్ర పట్టక రాసినవని చూస్తేనే తెలిసిపోతోంది. నేను ప్లీడర్ని కాదు. బ్యాంకు రికవరీ సెక్షన్‌లో ఏళ్ల తరబడి పనిచేసి రిటైరైనవాణ్ని, అంటే తలుపుకి అవతలి పక్క నిలబడినవాణ్ని. కాబట్టి ముందే చెప్పేస్తున్నా, తీసుకున్న అప్పు కట్టాల్సిందే, ఎగ్గొట్టే ఉపాయాలు నన్ను అడక్కండి. అయితే వసూలుకొచ్చేవాళ్లు అప్పు కాగితం కంటే మీ పరువునే ఎక్కువ నమ్ముకుంటారు. వీధిలో నలుగురూ చూస్తారన్న మీ భయం మీదే వాళ్ల కమీషన్ నడుస్తుంది. ఆ మాటల వ్యవహారాన్ని కాగితం మీదికి తెచ్చారంటే వాళ్ల గొంతు తగ్గుతుంది, నేను కళ్లారా చూసిన సంగతి ఇది. ఇక ఉత్తరాల్లోకి వెళ్దాం. పేర్లు వేయొద్దని అందరూ అన్నారు, వేయట్లేదు.

ప్రశ్న: సార్, నేను బస్టాండు దగ్గర టిఫిన్ బండి పెట్టుకున్నాను. గ్రూపు లోను 60 వేలు తీసుకున్నా. మా ఆయనకు కాలు విరిగి రెండు కంతులు కట్టలేకపోయాం. ఫైనాన్స్ అబ్బాయి రాత్రి ఎనిమిదికి వచ్చి మంచం మీద కూర్చుంటాడు, డబ్బు ఇచ్చేదాకా లేవనంటాడు. గ్రూపులో ఆడవాళ్లను కూడా తోలుకొస్తాడు. మొన్న "మెళ్లో తాళి ఉంది కదా, తాకట్టు పెట్టు" అన్నాడు. గొడవ చేస్తే ఇంక ఎవరూ లోను ఇవ్వరని మా లీడరక్క అంటోంది. ఏం చేసేది?
– ఒక సోదరి, కొర్లగుంట, తిరుపతి

జవాబు: అమ్మా, ముందు టైము సంగతి. ఏడాదికి 3 లక్షల రూపాయల వరకు ఆదాయం ఉన్న కుటుంబానికి ఏ తాకట్టూ లేకుండా ఇచ్చే ఇలాంటి అప్పును ఆర్‌బీఐ మైక్రోఫైనాన్స్ లోను అంటుంది. 2022 ఏప్రిల్ 1 నుంచి దీనికి ప్రత్యేకంగా నిబంధనలున్నాయి. వాటి ప్రకారం ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత వసూలు కోసం మీకు ఫోన్ చేయడమే తప్పు. ఫోనుకే ఆరు గంటలు హద్దయితే, ఎనిమిదికొచ్చి మంచం మీద కూర్చోవడం ఏ లెక్కలోకి వస్తుందో మీరే చూడండి. (మామూలు బ్యాంకు లోన్లకు, క్రెడిట్ కార్డులకు ఈ హద్దు ఉదయం 8 నుంచి సాయంత్రం 7. రెండు గడియారాలు వేరు వేరు. చాలామంది, ఆ వసూలు పిల్లలతో సహా, ఇక్కడే కలగాపులగం చేసుకుంటారు.)

రెండోది చోటు. మీరూ వాళ్లూ కలిసి అనుకున్న చోటనే కంతు వసూలు చేయాలి, సెంటర్ మీటింగ్ అంటారే, అక్కడ. మీరు అక్కడికి వరసగా రెండుసార్లో అంతకంటే ఎక్కువసార్లో రాకపోతేనే ఇంటికిగానీ పని చేసే చోటికిగానీ రావచ్చు. మీరు మీటింగుకి వెళ్లి "ఈ వారం లేదు నాయనా" అని చెప్పి ఉంటే, డబ్బు ఇవ్వకపోయినా సరే, హాజరైనట్టే. కాబట్టి మొహం చెల్లక మీటింగు మానేయకండి. మానేస్తే ఇంటి దారి మీరే చూపించినట్టవుతుంది.

మూడోది మనుషులు. బంధువుల్ని, స్నేహితుల్ని, తోటి పనివాళ్లని వేధించడం, బాకీదారుల పేర్లు బయటపెట్టడం, తిట్టడం, బెదిరించడం, కట్టకపోతే ఏమవుతుందో లేనిపోనివి చెప్పి భయపెట్టడం, ఇవన్నీ ఆ నిబంధనల్లోనే పేరుపేరునా వద్దన్నవి. గ్రూపు ఆడవాళ్లు జామీను సంతకాలు పెట్టి ఉంటే వాళ్లకీ బాధ్యత ఉంటుంది, కాదనను. అంతమాత్రాన వాళ్లను మీ గుమ్మం ముందు నిలబెట్టి అరిపించే హక్కు ఆ అబ్బాయికి రాదు. ఇంకొకటి, మీ ఇంటి అన్ని అప్పుల కంతులూ కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదని కూడా ఆర్‌బీఐ చెప్పింది. మీకు అప్పటికే రెండు మూడు లోన్లు ఉన్నాయని తెలిసీ ఇంకొకటి అంటగట్టి ఉంటే, ఆ తప్పు ఇచ్చినవాళ్లదే. దాన్ని ఉత్తరంలో తప్పకుండా రాయండి.

తాళి మాట విని నాకు ఒళ్లు మండింది. కోర్టులో కేసు వేసి, గెలిచి, డిక్రీ తెచ్చుకున్నవాడు కూడా దాన్ని ముట్టుకోలేడమ్మా. సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్‌లోనే ఉంది, ఒంటి మీద బట్టలు, వంట పాత్రలు, పరుపులు, మతాచారం ప్రకారం ఆడమనిషి తీయకూడని నగలు జప్తుకు రావు. అప్పు కట్టలేదని పోలీసులు పట్టుకెళ్లడం కూడా ఉండదు, అది సివిల్ వ్యవహారం. డబ్బు డిక్రీ అమలు కోసం ఆడవాళ్లను అరెస్టు చేయకూడదని అదే కోడ్ 56వ సెక్షన్ చెబుతుంది.

ఇప్పుడు చేయాల్సింది. లోను కార్డు ఒకటి ఇచ్చి ఉంటారు, మీకు తెలిసిన భాషలోనే ఇవ్వాలి, దాని మీద ఫిర్యాదుల నంబరు ఉంటుంది. మొదట వాళ్లకే రాయండి. తెల్ల కాగితం మీద తెలుగులో, "మా ఆయనకు ఫలానా తేదీన కాలు విరిగింది, రెండు కంతులు తప్పాయి, ఇకనుంచి వారానికి ఇంత కట్టగలను, మీ మనిషి ఫలానా ఫలానా తేదీల్లో రాత్రి ఇన్ని గంటలకు ఇంటికొచ్చి ఈ మాటలన్నాడు" అని. తేదీ, టైము, మాట, ఈ మూడూ ముఖ్యం. బ్రాంచిలో ఇచ్చి నకలు మీద ముద్ర వేయించుకోండి, వేయకపోతే రిజిస్టర్డ్ పోస్టు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు, అంటే ఇలాంటి ఫిర్యాదులు విని తేల్చే అధికారికి, వెళ్లొచ్చు, పైసా ఖర్చులేదు. ఆర్‌బీఐ ఫిర్యాదుల వెబ్‌సైటు సీఎంఎస్ పోర్టల్‌లోగానీ, పోస్టులో చండీగఢ్ సెక్టార్ 17లో ఉన్న ఆర్‌బీఐ కేంద్రానికిగానీ పంపొచ్చు. ఎలా పంపాలో అర్థం కాకపోతే 14448కి ఫోన్ చేసి అడగండి. మానసిక వేదనకు విడిగా పరిహారం ఇప్పించే అధికారం కూడా అంబుడ్స్‌మన్‌కు ఉంది.

ఈలోగా మళ్లీ రాత్రి వచ్చి కూర్చుంటే "బయటికి వెళ్లు" అని ఒకసారి స్పష్టంగా చెప్పండి, వీడియో తీయండి. వెళ్లమన్నాక కూడా బెదిరించడానికో అవమానించడానికో అక్కడే ఉంటే అది భారతీయ న్యాయ సంహిత 329 ప్రకారం అక్రమ ప్రవేశం. 112కు ఫోన్ చేయండి. పోలీసు స్టేషన్లో పట్టించుకోకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి.

మీ లీడరక్క భయంలో సగమే నిజం. కంతు తప్పిన సంగతి క్రెడిట్ రిపోర్టులో పడుతుంది, రేపు లోనుకు అది అడ్డొస్తుంది. ఫిర్యాదు చేసినందుకు మాత్రం ఆ రిపోర్టులో మార్కులు తగ్గవు. 2010లో మన ఉమ్మడి రాష్ట్రంలో ఈ మైక్రోఫైనాన్స్ వసూళ్ల ఒత్తిడికి ఆత్మహత్యలు జరిగి, ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చేదాకా పోయింది వ్యవహారం. అప్పట్లో కూడా గ్రూపుల్లో వినిపించిన మాట ఇదే, "గొడవ వద్దక్కా".

ప్రశ్న: మాది పలమనేరు పక్కన పల్లె. టమాట లోడుతో చిత్తూరు వైపు వస్తుంటే నలుగురు బైకుల మీద వచ్చి నా పికప్ బండి ఆపి, తాళాలు లాక్కుని, సరుకుతో సహా తీసుకుపోయారు. మూడు ఈఎంఐలు బాకీ, ఒప్పుకుంటా. కానీ సరుకు రైతులది. బండి ఇట్లా రోడ్డు మీద గుంజుకోవచ్చా అన్నా?
– ఒక డ్రైవరు

జవాబు: తమ్ముడూ, దీనికి "కుదరదు" అని ఒక్క ముక్కలో చెబితే అబద్ధమవుతుంది. బండి లోను అగ్రిమెంటులో కిస్తీలు తప్పితే బండి స్వాధీనం చేసుకోవచ్చన్న క్లాజు దాదాపు ఎప్పుడూ ఉంటుంది, ఆ క్లాజు చెల్లుతుంది కూడా. కానీ ఉన్నంత మాత్రాన ఎలాగైనా లాక్కోవచ్చని కాదు. స్వాధీనానికి ముందు ఎన్ని రోజుల నోటీసు, నోటీసు అక్కర్లేని సందర్భాలేమిటి, ఏ పద్ధతిలో తీసుకుంటారు, వేలం వేసేముందు కట్టుకోవడానికి ఆఖరి అవకాశం ఎలా ఇస్తారు, కడితే బండి ఎలా తిరిగిస్తారు, ఇవన్నీ అగ్రిమెంటులో రాసి ఉండాలని ఆర్‌బీఐ ఫైనాన్స్ కంపెనీలకు చెప్పింది. గూండాల్ని పెట్టి బండ్లు లాక్కోవడం కుదరదు, చట్టప్రకారం వెళ్లండి అని 2007లోనే సుప్రీంకోర్టు ఒక ప్రైవేటు బ్యాంకుకు గట్టిగా చెప్పింది. ఆ కేసు కూడా బండి లోను గొడవే.

మీరిప్పుడు చేయాల్సిన మొదటి పని, అగ్రిమెంటు కాపీ తీసి ఆ క్లాజు చదివించుకోవడం. నోటీసు రాకపోయినా, వచ్చిన నోటీసు గడువు తీరకుండానే పట్టుకున్నా, మీ చేతికి గట్టి పాయింటు దొరికినట్టే. సరుకు సంగతి వేరు. టమాట మీద వాళ్లకు ఏ హక్కూ లేదు, అప్పు బండి మీదే కదా. ఆ రోజే లోడు దింపుకోనివ్వాలి. దింపుకోనివ్వకపోతే నష్టం ఎంతో మార్కెట్ చీటీలు, రైతుల పేర్లతో సహా రాసి కంపెనీకి నోటీసు ఇవ్వండి. వినియోగదారుల కమిషన్‌లో వేసుకునే కేసే ఇది, బతుకుతెరువు కోసం సొంతంగా నడుపుకునే బండి అయితే మీరూ వినియోగదారుడి కిందే వస్తారు. చెయ్యి చేసుకున్నా, కత్తులు కటార్లు చూపించినా అది పోలీసు కేసు, అందులో అనుమానమేమీ లేదు.

ముందు ముందు ఎవరైనా బండి ఆపితే అడగాల్సినవి మూడు కాగితాలు. ఐడీ కార్డు, కంపెనీ ఇచ్చిన అధికార పత్రం, మీకు పంపిన నోటీసు కాపీ. వసూలుకొచ్చే ఏజెంటు ఇవి దగ్గర పెట్టుకునే తిరగాలని 2008లోనే ఆర్‌బీఐ బ్యాంకులకు ఆదేశం ఇచ్చింది. ఏ ఏజెన్సీకి మీ కేసు అప్పగించారో మీకు ముందే తెలియజేయాలి కూడా. అదే ఆదేశంలో ఎవరికీ పెద్దగా తెలియని ముక్క ఇంకొకటి ఉంది. ఆ బాకీ మీద మీరిచ్చిన ఫిర్యాదు తేలకుండా, అది ఉత్తుత్తి ఫిర్యాదైతే తప్ప, కేసును ఏజెంట్ల చేతికి ఇవ్వకూడదు. నేను సర్వీసులో ఉండగా ఈ పాయింటు పట్టుకుని వచ్చినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాళ్లతో మాత్రం మా మేనేజర్లు కుర్చీ వేసి మాట్లాడేవాళ్లు.

బండి వేలం వేస్తే ఎంతకు పోయిందో లెక్క అడిగి తీసుకోండి. బాకీ పోగా మిగిలితే అది మీ డబ్బు. తక్కువ పడితే మాత్రం ఆ తేడా మీ నెత్తినే ఉంటుంది. "బండి పోయింది కదా, బాకీ తీరింది" అనుకుని ఊరుకున్నవాళ్లకు రెండేళ్ల తర్వాత నోటీసు రావడం నేను చూశాను.

ప్రశ్న: మా నాయన పోయి ఏడు నెలలైంది. ఒక పెద్దమనిషి ప్రోనోటు తెచ్చి, మీ నాయన వందకు మూడు రూపాయల వడ్డీకి 4 లక్షలు తీసుకున్నాడు, కొడుకువి నువ్వు కట్టాలి అంటున్నాడు. కర్మ రోజున కూడా వచ్చి అందరి ముందూ అరిచాడు. ఇప్పుడు "నోటు వెనక ఓ వంద రూపాయలు చెల్లు వేయి చాలు, తొందరలేదు" అంటున్నాడు. మంచితనమే అనుకోవాలా?
– చిత్తూరు దగ్గర ఒక రైతు

జవాబు: అయ్యా, ఆ వంద రూపాయలు చాలా ఖరీదైనవి. ముందు నోటు మీద తేదీ చూడండి. ప్రోనోటు రాసిన రోజు నుంచి, లేదా గడువు లోపల వేసిన ఆఖరి చెల్లు నుంచి, మూడేళ్ల లోపు కోర్టులో దావా వేయాలి. ఆ తర్వాత నోటుకు కాలదోషం పడుతుంది, అంటే దాని మీద దావా చెల్లదు. గడువు తీరకముందే కొంత కట్టి సంతకం చేస్తే ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు కొత్తగా మొదలు. తొందరలేదంటున్న పెద్దమనిషికి నిజంగా ఉన్నది తొందరే, బహుశా మూడేళ్లు దగ్గర పడుతూ ఉంటాయి. గడువు దాటిపోయిన బాకీని కూడా కడతానని కాగితం మీద రాసి సంతకం చేస్తే, కాంట్రాక్టు చట్టం 25వ సెక్షన్ ప్రకారం అది మళ్లీ ప్రాణం పోసుకుంటుంది. కాబట్టి లెక్క తేలేదాకా ఏ కాగితం మీదా సంతకం వద్దు. మీ పేరున కొత్త నోటు అసలే వద్దు. ఖాళీ నోటు మీద, ఖాళీ చెక్కు మీద సంతకమైతే మరీ వద్దు. స్టాంపు అంటించిన ఖాళీ నోటు మీద సంతకం చేసి ఇస్తే, దాన్ని నింపుకునే అధికారం ఇచ్చినట్టేనని 1881 నాటి చట్టమే చెబుతుంది. చెక్కు బౌన్సయితే అది క్రిమినల్ కేసు, రెండేళ్ల దాకా జైలు పడే వీలుంది. మామూలు బాకీ జైలు వ్యవహారంగా మారేది ఎక్కువగా ఈ దారిలోనే.

కొడుకు కట్టాలా అంటే, నాయన వదిలి వెళ్లిన ఆస్తి ఎంత మీ చేతికొచ్చిందో అంతవరకే. ఆయన నుంచి ఏమీ రాకపోతే మీ సొంత సంపాదన మీదికి ఆ బాకీ రాదు. తండ్రి అప్పు తీర్చడం కొడుకు ధర్మం అని పాత హిందూ చట్టంలో ఉండేది. 2005 సవరణ తర్వాత చేసిన అప్పులకు కోర్టులు ఆ ధర్మాన్ని ఒప్పుకోవు. మనసుకు తోచి కట్టాలనుకుంటే కట్టండి, అది మీ ఇష్టం, చాలామంది కడతారు, నేను తప్పుపట్టను. భయపడి మాత్రం కట్టొద్దు.

ఇక వడ్డీ. వందకు మూడంటే ఏడాదికి 36 శాతం. మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల్లో, 1938లో, రైతుల అప్పుల ఉపశమనానికి ఒక చట్టం వచ్చింది, మన చిత్తూరు అప్పుడు ఆ ప్రెసిడెన్సీలోనిదే. ఆంధ్ర ప్రాంతం కోర్టుల్లో బాకీదారు రైతు అని రుజువైతే ఆ చట్టం కింద వడ్డీ తగ్గించి డిక్రీ ఇస్తారు. దావా పడితే మీ ప్లీడరుకు ఈ మాట గుర్తుచేయండి. సమన్లు వస్తే మాత్రం తీసుకుని తప్పకుండా హాజరవ్వండి. చాలామంది భయపడి తప్పించుకు తిరుగుతారు, అవతలివాడికి ఎదురులేకుండా ఎక్స్‌పార్టీ డిక్రీ వచ్చేస్తుంది. డిక్రీ వచ్చినా సేద్యం పనిముట్లు, బతుకుతెరువుకు కావలసిన పశువులు, విత్తనాలు, రైతు తానుంటున్న ఇల్లు జప్తుకు రావు, ఆ ఇంటిని తనఖా పెట్టి ఉండకపోతే. మా చిన్నప్పుడు సొసైటీ బాకీకి ఇంటి తలుపులు ఊడబీక్కుని పోయేవాళ్లని మా జేజి చెప్పేది. ఆ తలుపుల జ్ఞాపకమే ఇప్పటికీ మన వాళ్లను వణికిస్తోందేమో.

ప్రైవేటు వడ్డీ వ్యాపారికి ఆర్‌బీఐ టైములు వర్తించవు, ఆ సంగతి తెలుసుకోండి. కానీ బెదిరింపు, తిట్లు ఎవరు చేసినా నేరమే (న్యాయ సంహిత 351, 352). ప్లీడరు ఖర్చుకు వెనకాడితే చిత్తూరు కోర్టులో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది, 15100కు ఫోన్ చేసినా చెబుతారు. ఆడవాళ్లకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు.

ప్రశ్న: మా అబ్బాయి డల్లాస్‌లో ఎంఎస్ చేశాడు. ఉద్యోగం పోయి అక్కడి క్రెడిట్ కార్డు బాకీ పడ్డాడు. కలెక్షన్ ఏజెన్సీ అంటూ మాకు రాత్రి పదిన్నరకు ఫోన్ చేసి, కట్టకపోతే ఎయిర్‌పోర్టులో అరెస్టు చేయిస్తామంటున్నారు. మా ఆవిడకు బీపీ. చాలా టెన్షన్‌గా ఉంది.
– రిటైర్డ్ లెక్చరర్, తిరుపతి

జవాబు: మాస్టారూ, ముందు ఆవిడకు చెప్పండి, కార్డు బాకీకి అరెస్టు ఉండదు, అక్కడా ఉండదు. అలా బెదిరించడమే అక్కడి చట్టం ప్రకారం తప్పు. 1977లో అమెరికా చేసిన అప్పు వసూళ్ల చట్టం ఇలాంటి ఏజెన్సీల కోసమే వచ్చింది. బాకీదారు ఉండే చోటి టైములో ఉదయం 8 నుంచి రాత్రి 9 వరకే ఫోన్ చేయాలి. మీకు రాత్రి పదిన్నర అంటే వేసవిలో డల్లాస్‌లో మధ్యాహ్నం పన్నెండు, కాబట్టి టైము మీద పట్టుకోలేం. పట్టుకోవాల్సింది వాళ్లు మీతో మాట్లాడటాన్ని. మేజర్ అయిన కొడుకు అప్పు గురించి తల్లిదండ్రులకు చెప్పడానికి వీల్లేదు. అడ్రసో ఫోన్ నంబరో తెలుసుకోవడానికి ఇతరులకు ఫోన్ చేయొచ్చు, అదీ మామూలుగా ఒక్కసారే, అప్పు మాట ఎత్తకుండా.

అబ్బాయి చేయాల్సింది, ఆ ఏజెన్సీని బాకీ వివరాలు రాతపూర్వకంగా అడగడం. మొదట మాట్లాడిన అయిదు రోజుల్లో వాళ్లు ఆ నోటీసు ఇవ్వాలి, అందిన 30 రోజుల్లో "ఈ లెక్క ఒప్పుకోను" అని రాస్తే రుజువు పంపేదాకా వసూలు ఆపాలి. ఇక నన్ను సంప్రదించొద్దని రాసినా ఆపాలి, అప్పు మాత్రం పోదు, కోర్టుకు వెళ్లే హక్కు వాళ్లకు ఉంటుంది. 2021 నవంబరు నుంచి ఏడు రోజుల్లో ఏడు ఫోన్లు దాటితే వేధింపు కిందే లెక్క. హద్దు మీరితే ఏడాదిలోపు దావా వేయొచ్చు, జరిగిన నష్టం కాక ఇంకో 1,000 డాలర్ల వరకు, లాయరు ఫీజుతో సహా ఇప్పిస్తారు. ఒక మెలిక ఉంది. ఇదంతా ముఖ్యంగా బయటి ఏజెన్సీలకే, కార్డు ఇచ్చిన బ్యాంకు తానే ఫోన్ చేస్తే ఈ చట్టం మామూలుగా వర్తించదు. ఇంకో మెలిక మీ దగ్గర ఉండొచ్చు. ఇక్కడి బ్యాంకులో చదువు లోను తీసుకుని మీరు కో-అప్లికెంట్‌గా సంతకం పెట్టి ఉంటే, ఆ అప్పు మీది కూడా. అది అడిగితే కాదనలేరు. రెండింటినీ కలిపి చూసి భయపడకండి.

ఫోన్ చేసేవాడు "యూపీఐలో పంపండి" అంటే మాత్రం వాడు ఏజెన్సీ వాడే కాదు, దొంగ. అమెరికా బాకీ మన యూపీఐలో ఎవడూ వసూలు చేయడు.

ప్రశ్న: రేణిగుంట దగ్గర ఫ్యాక్టరీలో పనిచేస్తా. ఒక యాప్‌లో 4,000 అడిగితే 2,600 పడ్డాయి, వారంలో 4,000 కట్టమన్నారు. ఒకసారి కట్టేశా, మళ్లీ బాకీ అంటున్నారు. నా ఫోటో మార్ఫింగ్ చేసి కాంటాక్టులకు పంపుతామంటున్నారు. పరువు పోతే బతకలేను.

జవాబు: తమ్ముడూ, ఆ ఆఖరి వాక్యం ఇంకోసారి రాయకు. ఈ రాత్రే ఇంట్లో ఒకరికి, అక్కకో ఫ్రెండుకో, అంతా చెప్పేయి. నువ్వే చెప్పేశావంటే వాడు బెదిరించడానికి ఇంకేం మిగిలింది? మనసు మరీ బాగాలేకపోతే 14416కి ఫోన్ చెయ్యి, టెలీ మానస్ అని ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ అది, తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు.

తర్వాత 1930కి ఫోన్ చెయ్యి, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టు. స్క్రీన్‌షాట్లు, యూపీఐ ఐడీలు, నంబర్లు అన్నీ దాచాకే యాప్ తీసెయ్యి, ముందు తీసేస్తే రుజువులు పోతాయి. కాంటాక్టులకు ఒక్క మెసేజ్ పెట్టు, "నా ఫోన్ డేటా దొంగిలించారు, నా పేరుతో ఏదొచ్చినా తెరవకండి" అని. ఇంకొక్క రూపాయి కూడా కట్టకు. కట్టేవాడని తెలిస్తే వాళ్లు వదలరు, నీకు ఇప్పటికే అనుభవమైంది.

అసలైన లోను యాప్ ఎలా ఉండాలో 2022 సెప్టెంబరులో ఆర్‌బీఐ చెప్పింది. కాంటాక్టులు, గ్యాలరీ, కాల్ లాగ్ ముట్టుకోకూడదు. డబ్బు లైసెన్సున్న బ్యాంకు లేదా ఫైనాన్స్ కంపెనీ ఖాతా నుంచి నేరుగా నీ ఖాతాలో పడాలి. మొత్తం ఖర్చు ఎంతో ముందే ఒక పేజీలో చూపించాలి. కనీసం ఒక రోజు ఆలోచించుకుని, ఆ రోజుల వడ్డీతో అసలు తిరిగిచ్చేసి బయటపడే అవకాశం ఇవ్వాలి. నీ యాప్‌లో ఇవేవీ లేవు కదా, లైసెన్సు లేని దొంగ కంపెనీ అయివుంటుంది. ఇలాంటి దొంగ కంపెనీల మీద ఫిర్యాదులు తీసుకునే ఆర్‌బీఐ సచేత్ పోర్టల్‌లో కూడా పెట్టు.

ప్రశ్న: మా మాజీ కొలీగ్ లోనుకు నా నంబరు రెఫరెన్స్‌గా ఇచ్చాడట. రోజుకు పదిసార్లు నాకు ఫోన్లు. నేను కట్టాలా?

జవాబు: సంతకం పెట్టారా? లేదు కదా, అయితే అక్కర్లేదు. జామీను సంతకం పెట్టినవాడు వేరు, అతను అప్పు తీసుకున్నవాడితో సమానం. రెఫరెన్స్ అంటే ఫోన్ నంబరు మాత్రమే. రెఫరెన్స్ ఇచ్చినవాళ్లను, స్నేహితులను వేధించొద్దని 2022 ఆగస్టు 12 నాటి ఆర్‌బీఐ ఆదేశంలో స్పష్టంగా ఉంది. లోను ఇచ్చిన సంస్థ ఫిర్యాదుల అధికారికి మెయిల్ పెట్టండి, కాల్ లిస్టు జత చేసి.

ప్రశ్న: ఇంటి లోను ఆఖరి కిస్తీ కూడా కట్టేసి మూడు నెలలైంది. ఒరిజినల్ డాక్యుమెంట్లు రేపు రా, ఎల్లుండి రా అంటూ చిత్తూరు బ్రాంచి చుట్టూ తిప్పుతున్నారు. ఏం చేయాలి?

జవాబు: మీ ఉత్తరం ఆఖరికి దాచుకున్నా, ఈ నెలలో నవ్వుకుంటూ చదివింది ఇదొక్కటే. 2023 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉన్న ఆర్‌బీఐ ఆదేశం ప్రకారం, మొత్తం కట్టేసిన 30 రోజుల్లో ఒరిజినల్ డాక్యుమెంట్లు ఇచ్చేయాలి. ఆలస్యం వాళ్ల వల్లే అయితే ఆ తర్వాత రోజుకు 5,000 రూపాయల చొప్పున మీకు వాళ్లే ఇవ్వాలి. తొంభై రోజులైందనుకుంటే 30 పోగా 60 రోజులు, 3 లక్షలు. ఈ లెక్క ఒక కాగితం మీద వేసి, తేదీ పెట్టి, బ్రాంచిలో ఇచ్చి ముద్ర వేయించుకోండి. ఇప్పుడు బాకీ వాళ్లది, వసూలుకు వెళ్లేది మీరు. ఉదయం 8కి ముందు మాత్రం వెళ్లకండి.